నేల విడిచి సాము: స్పోర్టీ కారుకు టైర్లు, సైజులు ఎంచుకోవడం

(కార్లంటే ఇష్టమున్నవాళ్లు కలుసుకున్న ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ముందున్న బల్ల మీద అరచేయి ఆనించండి. వేళ్లు దగ్గరగా పెట్టి, గట్టిగా. అంతే. ఇప్పుడు పక్కవాళ్ల చేయి, వెనకున్న ఇద్దరివి కూడా లెక్కేసుకోండి. నాలుగు చేతులు. మీ కారు రోడ్డుకి తగిలే మేర అంతే.

నమ్మకం లేకపోతే లెక్క వేద్దాం. కారు 1,400 కిలోలనుకోండి. ఒక్కో చక్రం మీద 350 కిలోలు. టైరులో గాలి 33 పిఎస్‌ఐ. బరువుని గాలి ఒత్తిడితో భాగిస్తే దాదాపు 150 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. టైరు గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అచ్చంగా ఇంతే ఉండదు కానీ, దగ్గర దగ్గర ఇదే. ఇంజిను ఎంత బలమైనదైనా, బ్రేకులు ఎంత పెద్దవైనా, వాటి పనంతా ఆ నాలుగు అరచేతుల మీదుగానే రోడ్డుకి చేరాలి. మనం ఏం చేస్తాం? ఎగ్జాస్ట్ మారుస్తాం, ఇంజినుని నడిపే కంప్యూటరు, అదే ఈసీయూ, రీమ్యాప్ చేయిస్తాం, స్ప్రింగులు మార్చి కారు కిందికి దించుతాం. టైర్ల మాట వచ్చేసరికి "ఉన్నవి ఇంకా అరగలేదు కదా" అంటాం. నేల విడిచి సాము చేయడమంటే ఇదే.

గ్రిప్ కొంచెం తగ్గితే ఏమవుతుందో చెబుతాను. రెండు కార్లు పక్కపక్కనే గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాయి. ఒకేసారి పూర్తిగా బ్రేకు వేశారు. ఒకదాని టైర్లు మంచివి, దాదాపు 39 మీటర్లలో ఆగింది. రెండోదాని గ్రిప్ ఐదో వంతు తక్కువ, అది ఆగడానికి 49 మీటర్లు పట్టింది. "పది మీటర్లే కదా" అనిపిస్తుంది. మొదటి కారు పూర్తిగా ఆగిన చోటుని రెండో కారు దాటేటప్పుడు దాని వేగం ఎంతో తెలుసా? గంటకు దాదాపు 45 కిలోమీటర్లు. ఎదురుగా లారీ ఆగి ఉంటే, మొదటి కారు దాని వెనక ఊపిరి పీల్చుకుంటుంది. రెండోది 45తో వెళ్లి గుద్దుతుంది.

టైర్ల గురించి నన్ను అడిగేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది మొదట అడిగేది సైజు. "225 పెట్టొచ్చా సార్, 18 అంగుళాలు పడతాయా సార్" అని. ఆ ప్రశ్నకి కచ్చితంగా వస్తాను. అయితే అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది రబ్బరు గురించి. మంచి రబ్బరున్న 205 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, మామూలు రబ్బరున్న 235ని ఆడుకుంటుంది. ఈరోజు నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రబ్బరు రోడ్డుని రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి, అతుక్కోవడం. పొడి రోడ్డు మీద ఇది బాగా పనిచేస్తుంది. రెండోది కొంచెం విచిత్రంగా ఉంటుంది. రోడ్డు పైకి నున్నగా కనిపించినా దగ్గరగా చూస్తే గరుకు. ఆ గరుకులోకి రబ్బరు దిగుతుంది, దాని ఆకారం తీసుకుంటుంది, తిరిగి తన ఆకారానికి రావడానికి బద్ధకిస్తుంది. ఆ బద్ధకమే మనకి గ్రిప్. చురుగ్గా వెనక్కి వచ్చే రబ్బరు మైలేజీ ఇస్తుంది, బద్ధకంగా వచ్చేది పట్టు ఇస్తుంది. రోడ్డు తడిస్తే మొదటి పట్టు చాలావరకు పోతుంది, ఈ బద్ధకం మీదే బండి నడవాలి.

మరి మైలేజీ, తడిలో పట్టు రెండూ కావాలంటే? చాలాకాలం అది కుదరని పని. 1990ల మొదట్లో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ ట్రెడ్ రబ్బరులో, అంటే నేలకి తగిలే పై పొరలో, కార్బన్ బ్లాక్ అనే నల్లటి పొడి స్థానంలో ఎక్కువగా సిలికా కలపడం మొదలుపెట్టాక దారి దొరికింది. చక్రం మామూలుగా తిరిగేటప్పుడు వచ్చే నెమ్మది కదలికకి ఆ రబ్బరు చురుగ్గా ఉంటుంది, జారబోయేటప్పుడు వచ్చే వేగమైన అదురుకి బద్ధకిస్తుంది. ఇప్పుడొచ్చే మంచి టైర్లన్నీ ఆ దారినే నడుస్తున్నాయి.

అన్నట్టు, టైరుని గోరుతో నొక్కి "మెత్తగా ఉంది, మంచి గ్రిప్" అనేవాళ్లని చూసే ఉంటారు. నేనూ ఒకప్పుడు నొక్కాను. ఎండలో పెట్టిన పాత టైరు కూడా మెత్తగానే తగులుతుంది. గోటికి ఆ బద్ధకం తెలియదు.

ఇక రకాలు. స్పోర్టీ కారు కొన్నవాళ్ల ముందు ఉండేవి నాలుగు మెట్లు. అడుగున టూరింగ్ టైర్లు: చప్పుడు తక్కువ, చాలాకాలం వస్తాయి. దాని పైన పర్ఫార్మెన్స్ సమ్మర్ టైర్లు, అంటే మంచు, గడ్డకట్టే చలి లేని రోజులకి చేసినవి: మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 ఎసిమెట్రిక్, పిరెల్లి పి జీరో ఈ కోవలోవి. ఇంకా పైన, రోజూ తిరిగే కారులోనే ట్రాక్‌కి వెళ్లొచ్చేవాళ్ల కోసం చేసినవి: బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09 లాంటివి. కొసన సెమీ స్లిక్‌లు. టోయో ప్రాక్సెస్ ఆర్888ఆర్ చూశారా? ట్రెడ్ మీద గాట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడే పులిని చూసి నక్క వాత పెట్టుకుంటుంది. రేసు కారు మీద చూసిన టైరు రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి పెట్టేస్తాం. ఆ పై మెట్ల టైర్లకి పనిచేసే వేడి అంటూ ఒకటి ఉంటుంది. ట్రాక్ మీద రెండు చుట్లు తిరిగాక అవి బంక. పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి మొదటి మలుపు తిరిగేటప్పుడు ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మలుపులో మామూలు సమ్మర్ టైరే బాగా పట్టుకుంటుంది. వాన పడితే తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి ట్రాక్‌కి వెళ్లనివాళ్లకి నా సలహా ఒకటే: రెండో మెట్టు దగ్గర ఆగండి. ట్రాక్‌కి తరచుగా వెళ్తుంటే రెండో సెట్టు రిమ్ములు కొనుక్కోండి. ఒకే టైరుతో రెండు పనులూ చేయించబోతే రెండింటికీ చెడుతుంది.

చలి సంగతి కూడా చెప్పాలి. సమ్మర్ టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల కంటే దిగువకి వెళ్తే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. గడ్డకట్టే చలిలో రాత్రంతా బయట నిలబెట్టి తెల్లారి కారు కదిపితే, కొన్ని రకాల ట్రెడ్ రబ్బరు పగిలే అవకాశం కూడా ఉంది. మంచు పడే చోట ఉండేవాళ్లకి వింటర్ టైర్లు వేరే సెట్టు ఉండాల్సిందే. టైరు గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉంటే అది మంచు మీద పరీక్ష నెగ్గిన టైరు. ఎం ప్లస్ ఎస్, అంటే బురద, మంచు అన్న అక్షరాలు మాత్రమే ఉంటే దానికి అంత భరోసా లేదు.

టైరు మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, చూశారా? అది అమెరికా పద్ధతి. టెక్సాస్‌లో సుమారు 11,600 కిలోమీటర్ల దూరం టైర్లని రోడ్డు మీద నడిపి, ఒక ప్రామాణిక టైరుతో పోలిస్తే ఎంత అరిగిందో చూస్తారు. పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300 ఉంటుంది, ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ మీద 200. అంకె తగ్గేకొద్దీ గ్రిప్ పెరుగుతుందని అందరూ అనుకుంటారు, చాలావరకు నిజమే. అయితే ఆ అంకె వేసుకునేది తయారీదారే. కొన్ని పోటీల్లో 200కి తక్కువ టైరు వాడకూడదన్న నియమం ఉంది. అందుకే ఒకదానికొకటి పోలికే లేని ఎన్నో టైర్ల మీద సరిగ్గా 200 అనే అచ్చు వేసి ఉంటుంది. (నవ్వులు) మీకు అర్థమైంది.

దాని పక్కనే ట్రాక్షన్ ఏఏ, ఏ, బీ అని ఉంటుంది. తడి రోడ్డు మీద గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, చక్రాన్ని బిగబట్టి, తిన్నగా లాగి చూసే పరీక్ష అది. మలుపు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. ఐరోపా లేబుల్ మీద వానచుక్కల బొమ్మ పక్కన ఏ నుంచి ఈ వరకు ఉండే అక్షరం నాకు ఇంతకంటే ఉపయోగంగా అనిపిస్తుంది. అందులో బీ కంటే తక్కువ ఉన్న టైరుని నేను స్పోర్టీ కారుకి పెట్టను. ఒక్క చిక్కు: ఆ పరీక్ష కొత్త టైరుకి చేస్తారు. సగం అరిగాక ఏమవుతుందో లేబుల్ చెప్పదు.

నా సొంత కథ ఒకటి చెబుతాను. నా మొదటి హ్యాచ్‌బ్యాక్‌కి కంపెనీ ఇచ్చిన టైరు 205/55 ఆర్16. రిమ్ము వెడల్పు ఆరున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. ఈ అంకెల అర్థం కాసేపట్లో చెబుతాను. నేను దానికి ఎనిమిదంగుళాల వెడల్పున్న 18 అంగుళాల రిమ్ములు, 225/40 టైర్లు వేయించాను. ఫొటోల్లో కారు అదిరిపోయింది. వారం తిరక్కుండానే ముగ్గురు స్నేహితుల్ని ఎక్కించుకుని వెళ్తూ ఒక గతుకులో దిగాను. వెనక నుంచి 'జర్‌ర్' మని చప్పుడు. ఎవరో బట్ట చింపినట్టుగా. దిగి చూస్తే ఫెండరు, అంటే చక్రం పైన ఉండే రేకు, దాని అంచు టైరు భుజాన్ని చెక్కేసింది. వేలు పెట్టి తడిమితే నల్లటి రబ్బరు పొట్టు రాలింది. ఫెండరు మీద పెయింటు గోరంత లేచింది.

ఎందుకలా అయిందో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడైతే లెక్క కట్టి చెప్పగలను. రిమ్ము ఒకటిన్నర అంగుళం వెడల్పు పెరిగింది. దాంట్లో సగం బయటికి, అంటే 19 మిల్లీమీటర్లు. కొత్త రిమ్ము ఆఫ్‌సెట్ 35, అంటే చక్రం మొత్తంగా మరో పది మిల్లీమీటర్లు బయటికి. వెరసి 29 మిల్లీమీటర్లు. రెండు వేళ్ల మందం! ఆఫ్‌సెట్ అంటే పెద్ద విద్యేం కాదు. రిమ్ము హబ్బుకి, అంటే చక్రాన్ని బిగించే దిమ్మకి, ఆనే చోటు, రిమ్ము నట్టనడుమ నుంచి ఎంత పక్కకి ఉందన్నది. ఆ అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. కొనే ముందు ఒక్క కాగితం మీద ఈ కూడిక వేసుకుని ఉంటే నాకు ఆ పెయింటు ఖర్చు తప్పేది.

కథ అక్కడితో అయిపోలేదు. కొత్త చక్రం పాతదానికంటే దాదాపు మూడు కిలోలు బరువు. చక్రం బరువు సస్పెన్షన్ మోసే బరువు కాదు, దానికి అడ్డుపడే బరువు. పైగా తిరిగే బరువు. కారు ముందుకంటే మందంగా కదిలింది. బాగోలేని రోడ్డు మీద స్టీరింగు నా మాట వినడం మానేసి గాడి వెంట పోవడం మొదలుపెట్టింది. ఆర్నెల్ల తర్వాత ఒక గుంతలో పడి రిమ్ము అంచు వంగింది. పాత టైరు గోడ ఎత్తు 113 మిల్లీమీటర్లు, కొత్తది 90. ఆ 23 మిల్లీమీటర్లే ఇన్నాళ్లూ నా రిమ్ముని కాపాడాయని అప్పుడు తెలిసింది.

చివరికి పాత 16 అంగుళాల రిమ్ములే బయటికి తీసి, వాటికి ఒక మంచి సమ్మర్ టైరు, అదే 205/55 వేయించాను. రోజూ వెళ్లే దారిలో ఒక పెద్ద మలుపుంది. అందులో కారు అంత నమ్మకంగా తిరగడం నాకు అదే మొదటిసారి.

సైజు లెక్క చూద్దాం. 205/55 ఆర్16 91వీ అనుకోండి. 205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే గోడ ఎత్తు వెడల్పులో 55 శాతం, అంటే 112.75 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, 406.4 మిల్లీమీటర్లు. గోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి రెండింతలు చేసి కలపండి: 631.9. ఇది టైరు మొత్తం వ్యాసం. ఈ అంకెని దాదాపు కదల్చకుండా ఉంచడమే సైజు మార్చేటప్పుడు పాటించాల్సిన అసలు సూత్రం.

225/45 ఆర్17 తీసుకుంటే 634.3 వస్తుంది. తేడా అరశాతం కూడా లేదు. 225/40 ఆర్18 అయితే 637.2, అదీ పర్వాలేదు. కానీ కొందరు "గోడ కొంచెం ఎత్తుగా ఉంటే గుంతల్లో మంచిది" అని 225/45 ఆర్18 పెడతారు. అది 659.7. నాలుగు శాతం దాటింది. స్పీడోమీటరు ముందు కచ్చితంగా ఉందనుకుంటే, ఇప్పుడు అది 100 చూపించేటప్పుడు మీరు 104తో వెళ్తుంటారు. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని ఎన్నో దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన ఉంది. గేర్లు కూడా అదే లెక్కన బరువెక్కుతాయి. డబ్బు పోసి ఇంజిను బలం పెంచుకున్నవాళ్లు ఈ ఒక్క మార్పుతో అందులో కొంత పారేసుకుంటారు. నా మట్టుకు నేను రెండు శాతం దాటను.

రిమ్ము వెడల్పు అందరూ మరిచిపోయే అంకె. ప్రతి టైరు సైజుకీ ఇంత నుంచి ఇంత వెడల్పు రిమ్ము అని హద్దు ఉంటుంది. 205/55 ఆర్16కి ఐదున్నర నుంచి ఏడున్నర అంగుళాలు. 225/45 ఆర్17కి ఏడు నుంచి ఎనిమిదిన్నర. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే గోడ బుగ్గ పూరించినట్టు ఉబ్బుతుంది. మలుపులో ఆ బుగ్గ పక్కకి ఒరుగుతుంది, స్టీరింగు తిప్పాక కారు స్పందించడానికి ఒక క్షణం ఆలస్యం. టైరు మీద 225 అని రాసి ఉన్నా, అది ప్రమాణంగా పెట్టుకున్న ఒక రిమ్ము మీద కొలిచిన అంకె. రిమ్ము అరంగుళం మారితే అది దాదాపు ఐదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

మరి వెడల్పు పెంచితే లాభం లేదా? ఉంది. కానీ మనం అనుకునే కారణం వల్ల కాదు. ఇందాకటి అరచేయి లెక్క గుర్తుందా? నేలకి తగిలే మేరని తేల్చేది ముఖ్యంగా బరువు, గాలి. టైరు వెడల్పైతే ఆ మేర అంతగా పెరగదు, ఆకారం మారుతుంది. పొడవు తగ్గి, పక్కకి సాగుతుంది. ఆ ఆకారం మలుపులో మేలు, వేడి కూడా ఎక్కువ రబ్బరు మీద పంచుకుంటుంది. అదే ఆకారం నీళ్లలో చేటు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో మూడు మిల్లీమీటర్ల నీటి మీద వెళ్తుంటే, 19 సెంటీమీటర్ల మేర నేలకి తగిలే ఒక్కో టైరు సెకనుకి 12 లీటర్లకి పైగా నీళ్లు పక్కకి నెట్టాలి. ఒక బకెట్టు నీళ్లు, ప్రతి సెకనూ. నెట్టలేకపోతే టైరు నీటి మీదకి ఎక్కి తేలుతుంది. స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది చూడండి, అప్పుడు మీ చేతిలో ఉన్నది ఉత్త చక్రం. టైరు ఎంత వెడల్పుగా ఉంటే అంత తొందరగా తేలుతుంది. ఎంత అరిగి ఉంటే ఇంకా అంత తొందరగా.

చాలా దేశాల్లో ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల వరకు చట్టం ఒప్పుకుంటుంది. వెడల్పు టైర్ల మీద తిరిగేవాళ్లు అంతవరకు ఆగకండి. మూడు మిల్లీమీటర్లకి వచ్చిందంటే వానాకాలం ముందే మార్చేయండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పెద్ద రిమ్ముల మోజు గురించి ఒక్క మాట. 1970ల మధ్యలో వచ్చిన తొలి పోర్షే 911 టర్బోల్లో, అంటే 930లలో, కొన్ని పిరెల్లి పి7 టైర్ల మీద నడిచేవి. ముందు 205/50, వెనక 225/50, రెండూ 15 అంగుళాలే. 1989లో వచ్చిన మొదటి మాజ్దా ఎంఎక్స్-5 మీద 185/60 ఆర్14 టైర్లు. నడపడానికి హాయిగా ఉండే కారంటే ఇప్పటికీ చాలామంది దాని పేరే చెబుతారు. 2012లో టొయోటా 86 వచ్చినప్పుడు కంపెనీ దానికి, మైలేజీకి పేరున్న తన హైబ్రిడ్ కారు ప్రియస్ మీద కూడా వచ్చే మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ పెట్టింది, 215 వెడల్పులో. తక్కువ వేగంలోనే కారు కొంచెం జారుతూ సరదాగా ఉండాలని కావాలనే అలా చేశారు. అంటే గ్రిప్ ఎంత ఉండాలన్నది కూడా ఒక ఎంపికే. ఎక్కువ గ్రిప్ ఉన్న టైరు జారడం మొదలుపెట్టేసరికి మీరు చాలా వేగంలో ఉంటారు, సర్దుకునే వ్యవధి ఉండదు.

సైజు పక్కన ఉండే 91వీ కూడా చూడాలి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదని, 94 అంటే 670 కిలోలని. వీ అంటే గంటకు 240 కిలోమీటర్లు, డబ్ల్యూ 270, వై 300. కంపెనీ చెప్పినదానికి తగ్గకండి, అంతే. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎక్కువ బరువు మోసేలా చేసిన టైరు మీద ఎక్స్‌ఎల్ అని ఉంటుంది. 94 ఎక్స్‌ఎల్ టైరు ఆ 670 కిలోలు మోసేది 2.9 బార్ గాలితో; బార్ అంటే పిఎస్‌ఐ లాగే గాలి ఒత్తిడికి ఇంకో కొలత. మామూలు 91 టైరు తన 615 మోసేది 2.5 బార్‌తో. ఎక్స్‌ఎల్ వేయించుకుని పాత గాలే కొట్టిస్తే మీకు అదనపు బలమేమీ రాదు, ఒక్కోసారి కొంచెం తగ్గుతుంది కూడా.

గాలి చల్లటి టైరులో చూడాలి. పది డిగ్రీల వేడికి ఒకటిన్నర పిఎస్‌ఐ దాకా మారుతుంది. ఎండలో దూరం తిరిగొచ్చి, ఎక్కువ చూపించిందని గాలి తీసేయకండి. తెల్లారేసరికి టైరు చప్పబడి ఉంటుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ కార్లకి నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదలలో ఉండాలి. లేకపోతే ముందు, వెనక చక్రాలకి బలం పంచే మధ్య డిఫరెన్షియల్ ఎప్పుడూ రాపిడిలోనే ఉంటుంది. మిగతా కార్లకి రెండే మార్చాల్సి వస్తే, కొత్తవి వెనకకి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే. చాలామందికి ఇది మింగుడు పడదు, "లాగేవి ముందు చక్రాలు కదా" అంటారు. వాన రోడ్డు మీద ముందు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు తిరిగి దారిలో పడుతుంది. వెనక జారితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడం మనలో చాలామంది వల్ల కాదు, నా వల్ల కూడా.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, ఆఫర్‌లో మంచి కంపెనీ టైర్లు దొరికాయి. తీసుకోవచ్చా?)

ముందు టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. కొన్నిసార్లు ఆ అంకెలు ఒక పక్కనే ఉంటాయి, టైరు తిప్పి రెండో వైపు కూడా చూడాలి. ఏడాది పాతదైతే నేను తీసుకుంటాను. నాలుగేళ్లు షాపులో పడుందంటే ఎంత తగ్గించినా వద్దు. రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది. గ్రిప్ కోసం కొంటున్న టైరు అయితే మరీ వద్దు.

(ఇంకొకరు: కొత్త టైర్లు వేయించాక మొదటిరోజే కారు జారినట్టు అనిపించింది. టైరు లోపమా?)

కాకపోవచ్చు. అచ్చులోంచి టైరు ఊడి రావడానికి వాడే పూత కొంత పైన ఉంటుంది. పైగా కొత్త ట్రెడ్ దిమ్మెలు పొడుగ్గా ఉండటం వల్ల అటూ ఇటూ మెలికలు తిరుగుతాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఆ తర్వాత కూడా అలాగే ఉంటే అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో, చూపించండి.

(ఒక అమ్మాయి: సార్, నాదీ మీ పాత కారు లాంటిదే. 205/55 ఆర్16. రోజూ తిరుగుతాను, నెలకోసారి ఘాట్ రోడ్డు. 17కి వెళ్లాలా, 16లోనే ఉండాలా?)

పదహారులోనే ఉండండమ్మా. ముందు అదే సైజులో మంచి సమ్మర్ టైరు వేయించి ఒక సీజను నడపండి. అది చాలలేదనిపిస్తే 225/50 ఆర్16 అని ఒక సైజు ఉంది. లెక్క వేయండి, 631.4 వస్తుంది. మీ పాత సైజుకి అర మిల్లీమీటరు తేడా. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల రిమ్ముకి అది సరిపోతుంది కాబట్టి కొత్త రిమ్ములు అక్కర్లేదు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, ఆ సైజులో మంచి టైర్లు తక్కువ రకాలే దొరుకుతాయి. కాబట్టి మీకు కావలసిన టైరు అందులో ఉందో లేదో ముందు చూసుకోండి. లేదంటే 205లోనే ఉండిపోండి. మీ రిమ్ము వెడల్పు ఎంత?

(అమ్మాయి: తెలియదు సార్.)

కారు ఇక్కడే ఉందా? రిమ్ము తీసినప్పుడు దాని వెనక, ఊచల లోపలి వైపు 6.5జె×16 అనో, 7జె×16 అనో అచ్చు వేసి ఉంటుంది. పక్కనే ఈటీ అని ఆఫ్‌సెట్ అంకె. నా దగ్గర జాకీ ఉంది, పదండి చూద్దాం.